టెస్లా ఎక్కడ రాయాలి, ఆంపియర్ ఎక్కడ రాయాలి: అయస్కాంత క్షేత్రానికి ఉన్న రెండు కొలతలు

అయస్కాంత క్షేత్రం ఒక చోట ఎంత బలంగా ఉందో చెప్పడానికి భౌతికశాస్త్రంలో ఒకటి కాదు, రెండు రాశులున్నాయి. మొదటిది బి. పదో తరగతి తెలుగు పుస్తకంలో దీని పేరు అయస్కాంత అభివాహ సాంద్రత. దీన్ని టెస్లాలలో కొలుస్తారు. రెండోది హెచ్. దీని పేరు అయస్కాంత క్షేత్ర తీవ్రత, ప్రమాణం మీటరుకు ఇన్ని ఆంపియర్లు. గందరగోళమంతా ఈ రెండో పేరుతోనే వస్తుంది. ‘తీవ్రత’ అంటే బలమే కదా అనుకుని, పత్రికల్లోనూ పరీక్ష పేపర్లలోనూ ‘క్షేత్ర తీవ్రత 1.5 టెస్లా’ అని రాసేస్తుంటారు. అంకె సరైనదే, ప్రమాణం సరైనదే, పేరు మాత్రం మరో రాశిది.

జనగామ జిల్లా నర్మెట్టలో చేను గట్టు మీద నిలబడి కొలిచినా ఈ రెండు రాశులూ ఉంటాయి. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 43,000 నానోటెస్లాలు. నానోటెస్లా అంటే టెస్లాలో వంద కోట్లవ వంతు. అందులో నేలకు సమాంతరంగా ఉత్తరం వైపు ఉండే భాగం దాదాపు 40,000. మిగిలిన భాగం నిలువుగా కిందికి దిగుతుంది. అందుకే స్వేచ్ఛగా వేలాడే అయస్కాంత సూది తెలంగాణలో నేలకు సమాంతరంగా నిలవదు, ఉత్తరపు కొన 20 డిగ్రీలకు కాస్త పైగా కిందికి వంగుతుంది. తమిళనాడులో తిరునల్వేలి దాకా వెళ్తే ఆ వంపు దాదాపు సున్నా, ఎందుకంటే అయస్కాంత భూమధ్యరేఖ ఆ చుట్టుపక్కల నుంచే పోతుంది. ఇవన్నీ బి లెక్కలు. నర్మెట్ట గాలిలో అదే క్షేత్రాన్ని హెచ్ రూపంలో చెప్పాలంటే మీటరుకు 34 ఆంపియర్లు. గాలిలో బి ని ఒక స్థిరాంకంతో భాగిస్తే హెచ్ వచ్చేస్తుంది. శూన్యపు పర్మియబిలిటీ అనే ఆ స్థిరాంకం విలువ, ఎస్‌ఐ పద్ధతిలో, ఒక కోటిని కింద పెట్టి 12.566 ని పైన పెడితే వచ్చేంత. గాలిలో ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే కాబట్టి, గాలిలోనే ఆగిపోయేవారికి రెండు పేర్లు ఎందుకో అర్థం కాదు. ఆ మాటకొస్తే అర్థం కాకపోవడమే న్యాయం.

బి అనేది ఫలితం. క్షేత్రం ఒక తీగను ఎంత బలంతో నెడుతుందో, కదిలే ఆవేశాన్ని ఎంతగా పక్కకు తిప్పుతుందో, మారుతున్నప్పుడు చుట్టలో ఎంత వోల్టేజి పుట్టిస్తుందో చెప్పేది బి. ఒక ఆంపియర్ ప్రవహించే మీటరు పొడవు తీగను క్షేత్రానికి అడ్డంగా పెడితే దాని మీద ఒక న్యూటన్ బలం పడిందనుకుందాం. అక్కడ బి విలువ ఒక టెస్లా. హెచ్ అలా కాదు. అది మనం పెట్టిన పెట్టుబడి లాంటిది. తీగలో ఎంత ప్రవాహం పంపాం, ఎన్ని చుట్లు చుట్టాం, ఎంత పొడవులో చుట్టాం అన్నదే దాని లెక్క. మీటరు పొడవుకు ఇన్ని ఆంపియర్లు అన్న ప్రమాణంలోనే ఆ సంగతి ఉంది.

ట్రాక్టరు సెల్ఫ్ కొట్టే క్షణాన్ని తీసుకుంటే రెండూ ఒకేచోట కనిపిస్తాయి. బ్యాటరీ నుంచి స్టార్టర్ మోటారుకు వెళ్లే లావు వైరులో ఆ కాసేపు వందల ఆంపియర్లు పారుతాయి. 200 ఆంపియర్లు అనుకుని, చుట్టూ ఉన్న ఇనుమునూ తిరుగు ప్రవాహాన్నీ వదిలేసి ఆ వైరు ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే, దానికి అర మీటరు దూరంలో హెచ్ విలువ మీటరుకు దాదాపు 64 ఆంపియర్లు. ప్రవాహాన్ని ఆ దూరపు వృత్తం చుట్టుకొలతతో భాగించడమే ఈ లెక్క, అందులో పదార్థం ప్రసక్తే లేదు. బి విలువ అక్కడ 80,000 నానోటెస్లాలు, అంటే భూమి క్షేత్రపు సమాంతర భాగానికి రెండింతలు. దగ్గర్లో దిక్సూచి ఉంటే దాని సూది ఉత్తరాన్ని వదిలేసి పక్కకు తిరుగుతుంది. ఇంటి కరెంటు వైరు ఆ పని చేయలేదు. అది సెకనుకు 50 సార్లు దిశ మార్చుకునే ప్రవాహం, ఆ వేగాన్ని సూది అందుకోలేదు.

తీగలో ప్రవాహం సూదిని కదిలిస్తుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ చూపించాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు క్షేత్రానికి రెండు నిర్వచనాలు పక్కపక్కనే నడిచాయి. పదార్థం లోపల కొలిచేటప్పుడు అవి రెండూ ఒకే విలువ ఇవ్వవని విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, తేల్చాడు. 1873లో మాక్స్‌వెల్ తన గ్రంథంలో హెచ్ ని అయస్కాంత బలమనీ, బి ని అయస్కాంత ప్రేరణ అనీ వేరు చేశాడు. ప్రమాణాలు మాత్రం చాలాకాలం కలగాపులగంగానే ఉన్నాయి. గాస్ అనే ఒక్క ప్రమాణాన్నే రెండింటికీ వాడేవారు. 1930లో అంతర్జాతీయ ఎలెక్ట్రోటెక్నికల్ కమిషన్ ఆ ముడి విప్పి, గాస్ ని బి కి ఉంచి, హెచ్ కి ఓర్‌స్టెడ్ అనే కొత్త ప్రమాణం ఇచ్చింది. 1960లో ఎస్‌ఐ పద్ధతితో పాటు టెస్లా వచ్చింది. ఒక టెస్లా 10,000 గాస్‌లు. గాలిలో ఒక గాస్ ఉన్నచోట ఒక ఓర్‌స్టెడ్ ఉంటుంది. అంకె ఒకటే కావడం వల్ల పాత అలవాటు పోలేదు, నేటికీ అయస్కాంతాలు అమ్మేవారు రెండు పేర్లనూ ఒకటిగానే వాడేస్తారు.

‘క్షేత్రం’ అన్న పేరు హెచ్ కి ఉండాలా, బి కి ఉండాలా అన్న వాదం ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఆర్నాల్డ్ సొమ్మర్‌ఫెల్డ్ హెచ్ ని అయస్కాంత క్షేత్రం అనడాన్ని వ్యతిరేకించాడు. ఆవేశాన్ని నెట్టేది బి అయినప్పుడు క్షేత్రమన్న పేరు దానికే దక్కాలన్నది ఆ పక్షం మాట. నేటి భౌతికశాస్త్రం దాదాపుగా ఆ పక్షానే నిలిచింది. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం బి ని అయస్కాంత క్షేత్రమనే పిలుస్తుంది, హెచ్ ని అయస్కాంత తీవ్రత అంటుంది. అంటే నర్మెట్ట బడిలో పదో తరగతి పూర్తి చేసి ఇంటర్‌కు వెళ్లిన విద్యార్థికి నిన్నటి అభివాహ సాంద్రతే నేటి అయస్కాంత క్షేత్రంగా ఎదురవుతుంది. రెండు పేర్లూ సరైనవే, రాశి ఒక్కటే. ఈ ముక్క ఎవరైనా ఒక్కసారి చెబితే చాలు, కానీ చెప్పేవారు తక్కువ.

ఇక ఇనుము. బి, హెచ్ లు నిజంగా విడిపోయేది ఇక్కడే. పావు మీటరు పొడవు గొట్టం మీద 500 చుట్లు చుట్టి అర ఆంపియర్ పంపితే, లోపల హెచ్ విలువ మీటరుకు 1,000 ఆంపియర్లు. లోపల గాలే ఉంటే బి విలువ 12.6 గాస్‌లు, అంటే ఫ్రిజ్ తలుపుకు అంటించే బిళ్లల స్థాయి కూడా కాదు. అదే హెచ్ ని సిలికాన్ ఉక్కుతో చేసిన మూసిన వలయంలో కల్పిస్తే బి ఒక టెస్లా దాటిపోతుంది. పెట్టుబడి మారలేదు, ఫలితం ఎనిమిది వందల రెట్లకు పైగా పెరిగింది. ఈ అదనమంతా ఇనుములోని పరమాణువులది. తీగ ప్రవాహం చూపించిన దిశలోకి అవి తమ చిన్న అయస్కాంతత్వాలను తిప్పుకుంటాయి. ఇలా పదార్థం సొంతంగా సమకూర్చేదాన్ని అయస్కాంతీకరణ అంటారు, దాన్నీ మీటరుకు ఆంపియర్లలోనే కొలుస్తారు. హెచ్ కి ఈ అయస్కాంతీకరణను కలిపి, ఆ మొత్తాన్ని శూన్యపు పర్మియబిలిటీతో గుణిస్తే బి వస్తుంది. మొత్తం విషయానికి ఈ ఒక్క సమీకరణమే మూలం.

ఊరి చివర రెండు స్తంభాల మధ్య బిగించిన 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ సమీకరణం రాత్రింబవళ్లు పనిచేస్తుంటుంది. దాని కోర్ పలచటి సిలికాన్ ఉక్కు రేకులతో పేర్చినది. 11,000 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు, చుట్ల సంఖ్య, కోర్ అడ్డకోత వైశాల్యం: ఈ నాలుగూ కలిసి కోర్‌లో బి ఎంత ఉండాలో నిర్ణయిస్తాయి. సాధారణంగా అది ఒకటిన్నర టెస్లాకు అటూ ఇటూ. అంత బి రావడానికి మంచి ఉక్కుకు కావలసిన హెచ్ మీటరుకు వంద ఆంపియర్ల లోపే, అంటే నర్మెట్ట గాలిలో భూమి ఊరికే ఇచ్చే 34 ఆంపియర్ల స్థాయికి మరీ దూరం కాదు. అందుకే లోడు లేని ట్రాన్స్‌ఫార్మర్ అంత తక్కువ కరెంటు తీసుకుంటుంది. కానీ ఉక్కుకు ఒక హద్దు ఉంది. బి రెండు టెస్లాల దగ్గరికి చేరేసరికి తిరగవలసిన పరమాణువులన్నీ దాదాపుగా తిరిగిపోయి ఉంటాయి. వోల్టేజి హద్దు మీరి బి ని ఇంకాస్త పైకి నెట్టిందంటే హెచ్ వందల్లోంచి వేలల్లోకి ఎగబాకుతుంది, దాంతో చుట్టలో కరెంటూ ఎగబాకుతుంది, వేడి పెరుగుతుంది. బి ని వోల్టేజి శాసిస్తుంది, హెచ్ ని కరెంటు మోస్తుంది. ఒక్క రాశితో సరిపెట్టుకుందామంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను డిజైన్ చేయడం కుదరదు. దాని దగ్గర వినిపించే గుంయ్‌మనే మోతకు కారణమూ ఈ అయస్కాంతీకరణే. ఒక్కో ఆవృత్తిలో ఉక్కు రేకులు రెండుసార్లు కంటికి కనిపించనంత స్వల్పంగా సాగి ముడుచుకుంటాయి, అందుకే మోత సెకనుకు 100 సార్ల లయలో ఉంటుంది.

శాశ్వత అయస్కాంతం లోపల అయితే సంగతి ఇంకా వింతగా ఉంటుంది. కడ్డీ అయస్కాంతంలో బయట బలరేఖలు ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి వెళ్తాయని బడిలో గీయిస్తారు. బి రేఖలు లోపల దక్షిణం నుంచి ఉత్తరానికి సాగి వలయం పూర్తి చేస్తాయి. హెచ్ అలా కాదు. ఆ కడ్డీలో తీగ లేదు, తీగ ప్రవాహం లేదు. ఆంపియర్ నియమం ప్రకారం అలాంటి చోట ఏ మూసిన దారి వెంట చుట్టి వచ్చినా హెచ్ మొత్తం సున్నాకు రావాలి. బయట ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లిన హెచ్, లోపల కూడా ఉత్తరం నుంచి దక్షిణానికే ఉంటే తప్ప ఆ లెక్క సున్నాకు రాదు. అంటే కడ్డీ లోపల బి ఒక వైపు, హెచ్ దానికి సరిగ్గా ఎదురు వైపు. ఈ ఎదురు హెచ్ అయస్కాంతాన్ని ఎప్పుడూ బలహీనపరచాలనే చూస్తుంటుంది, దాన్ని తట్టుకోగలిగినదే మంచి అయస్కాంతం. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల మీద పనిచేసిన సంస్థ. అలాంటి అయస్కాంతాల వివరపత్రంలో రెండు అంకెలు తప్పనిసరి. మిగిలే బి ఎన్ని టెస్లాలు, దాన్ని చెరిపేయడానికి ఎంత ఎదురు హెచ్ కావాలి. నియోడిమియం రకానికి మొదటిది సుమారు 1.2 టెస్లాలు, రెండోది మీటరుకు సుమారు 9 లక్షల ఆంపియర్లు. ఈ రెండో అంకెను టెస్లా అని రాస్తే పత్రం మొత్తం అర్థం పోతుంది.

అయస్కాంతీకరణ కడ్డీల్లోనే కాదు, రాళ్లలోనూ ఉంటుంది. నర్మెట్ట, జనగామ నేల కింద ఉన్నది ప్రధానంగా గ్రానైట్, నైస్ రాయి. తెలంగాణలోని ఈ పాత రాతి నేలను అక్కడక్కడా చీల్చుకుంటూ డొలెరైట్ డైకులు సాగుతాయి. ఒకప్పుడు పగుళ్లలోంచి ఎగదన్ని గడ్డకట్టిన నల్లరాతి గోడలవి. తెలంగాణ, కర్ణాటకల్లో పరుచుకున్న ధార్వార్ రాతి ఖండంలో ఒక డైకుల సమూహం వయసు సుమారు 237 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. నల్లరాతిలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజపు రేణువులు గ్రానైట్‌లో కంటే ఎక్కువ. అందువల్ల డైకు మీదుగా నడుస్తూ కొలిస్తే క్షేత్రం కొన్ని వందల నానోటెస్లాలు పెరగడమో తగ్గడమో కనిపిస్తుంది. బోర్లు వేసే రైతుకు ఇది పనికొచ్చే సంగతి. గట్టి డైకు భూగర్భజలానికి అడ్డుకట్టలా నిలుస్తుంది, పగిలి శిథిలమైన డైకు అంచుల్లో నీరు చేరుతుంది. పైకి మట్టి కప్పేసిన డైకు ఎటు పోతోందో పట్టుకోవడానికి భూగర్భజల సర్వేల్లో మాగ్నెటోమీటరు వాడటం అందుకే.

అలా వాడే పరికరాల్లో ప్రోటాన్ మాగ్నెటోమీటరు ఒకటి. దాని గుండెకాయ ఒక సీసా, అందులో కిరోసిన్ లాంటి హైడ్రోజన్ పుష్కలంగా ఉన్న ద్రవం. సీసా చుట్టూ ఉన్న చుట్టలో కాసేపు కరెంటు పంపి ఆపేస్తే, ద్రవంలోని ప్రోటాన్లు భూమి క్షేత్రం చుట్టూ బొంగరాల్లా తల తిప్పుతూ, అదే చుట్టలో సన్నటి విద్యుత్ సంకేతం పుట్టిస్తాయి. 43,000 నానోటెస్లాల క్షేత్రంలో వాటి లయ సెకనుకు సుమారు 1,830. స్పీకరుకు కలిపితే చెవికి వినపడే స్వరమే. పాదాల కింద డైకు వచ్చి క్షేత్రం 300 నానోటెస్లాలు పెరిగితే ఆ లయ సెకనుకు మరో 13 పెరుగుతుంది. ఇక్కడ ప్రోటాన్ స్పందించేది బి కి. కాబట్టి సర్వే పటం మీద వచ్చే అంకెలు నానోటెస్లాలే. అదే రాయిని కోసి ప్రయోగశాలకు తీసుకెళ్లి దానిలో ఎంత అయస్కాంతత్వం నిలిచి ఉందో కొలిస్తే, ఆ ఫలితం మీటరుకు ఆంపియర్లలో వస్తుంది, ఎందుకంటే అక్కడ కొలిచింది రాతి అయస్కాంతీకరణను. రెండు నివేదికల్లో ప్రమాణాలు వేరుగా ఉన్నాయని ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

భూ అయస్కాంత శాస్త్రంలో మరో ఉచ్చు ఉంది, అనుభవజ్ఞులు కూడా ఇందులో పడతారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, 1961లో ఏర్పడింది. ఉప్పల్ రోడ్డులోని దాని ప్రాంగణంలో అయస్కాంత అబ్జర్వేటరీ 1964 నుంచి ఉంది. నగర సందడికి దూరంగా చౌటుప్పల్‌లో సంస్థ తర్వాత మరో అబ్జర్వేటరీ నెలకొల్పింది. ఈ అబ్జర్వేటరీల పట్టికల్లో హెచ్ అనే గడి ఉంటుంది, అందులో 40,000 దరిదాపుల అంకె కనిపిస్తుంది. అది పాఠ్యపుస్తకపు హెచ్ కాదు. సమాంతర భాగమనే మాటకు అక్షరం అది. ఆ అంకె నానోటెస్లాల్లో ఉన్న బి లో ఒక ముక్క మాత్రమే. పాత పట్టికల్లో నానోటెస్లా బదులు ‘గామా’ అని ఉంటుంది, విలువ మాత్రం ఒకటే.

ఆ సమాంతర భాగాన్ని రోజూ గమనించడం వల్లే సౌర తుపానుల తీవ్రత తెలుస్తుంది. 1859 సెప్టెంబరులో వచ్చిన మహా తుపానులో బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ దగ్గర ఈ భాగం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. తర్వాత బొంబాయిలో ట్రాములకు కరెంటు వస్తుండటంతో, ఆ ప్రవాహాల అలజడికి దూరంగా 1904లో అబ్జర్వేటరీని అలీబాగ్‌కు తరలించారు. 2024 మే 10, 11 తేదీల తుపానులో ప్రపంచ సగటు సూచీ 400 నానోటెస్లాలకు పైగా దిగింది. హైదరాబాద్ క్షేత్రంతో పోలిస్తే అది ఒక శాతం మాత్రమే. దిక్సూచి సూదికి అంత తేడా పట్టదు కానీ, అబ్జర్వేటరీ పరికరాలు నానోటెస్లాలో పదో వంతును కూడా పట్టుకోగలవు.

జనానికి టెస్లా అనే మాట ఎక్కువగా ఎదురయ్యేది స్కానింగ్ సెంటర్ బోర్డుల మీద. ‘1.5 టెస్లా ఎంఆర్‌ఐ’ అంటే యంత్రం నడిమధ్య బి అంత ఉందని అర్థం. నర్మెట్ట గాలిలోని భూమి క్షేత్రానికి అది దాదాపు 35,000 రెట్లు. అక్కడా పనిచేసేది కిరోసిన్ సీసాలోని ప్రోటాన్ సూత్రమే. క్షేత్రం అంతగా పెరగడంతో శరీరంలోని ప్రోటాన్ల లయ సెకనుకు సుమారు 6.4 కోట్లకు చేరుతుంది. టెస్లా అన్నది యంత్రం పవరు కాదు, తినే కరెంటూ కాదు, రేడియేషన్ మోతాదు అసలే కాదు. ‘1.5 టెస్లా శక్తి’ అన్న ప్రయోగం వినడానికి బాగున్నా తప్పు. అలాగే అభివాహం, అభివాహ సాంద్రత ఒకటి కావు. ఒక వైశాల్యం గుండా పోయే మొత్తం అభివాహాన్ని వెబర్లలో కొలుస్తారు, దాన్ని వైశాల్యంతో భాగిస్తేనే టెస్లాలు.

2019 మే 20 దాకా శూన్యపు పర్మియబిలిటీకి నిర్వచనం ద్వారా ఇచ్చిన కచ్చితమైన విలువ ఉండేది. ఎస్‌ఐ ప్రమాణాలను ఆ రోజు సంస్కరించాక అది ప్రయోగంతో కొలవాల్సిన అంకె అయింది. తేడా ఎంత చిన్నదంటే బడి లెక్కల్లో, ట్రాన్స్‌ఫార్మర్ లెక్కల్లో ఎక్కడా తగలదు.

మామూలు రాతల్లో తేలిక పద్ధతి ఒకటుంది. ప్రమాణం టెస్లా, గాస్, నానోటెస్లా అయితే ‘అయస్కాంత క్షేత్రం’ అనో ‘అభివాహ సాంద్రత’ అనో రాయాలి. మీటరుకు ఆంపియర్లు, ఓర్‌స్టెడ్ అయితేనే ‘క్షేత్ర తీవ్రత’ అనాలి. శాశ్వత అయస్కాంతాల గురించీ, ఉక్కు గురించీ, రాళ్ల గురించీ రాసేటప్పుడు ప్రమాణం లేకుండా అంకె రాయకూడదు. ఇవాళ చాలా ఫోన్లలో దిక్సూచి కోసం పెట్టిన అయస్కాంత సెన్సారు ఉంటుంది, దాని రీడింగు చూపించే ఉచిత యాప్‌లూ దొరుకుతాయి. ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పి, ఇనుప మంచానికీ, బండికీ, కరెంటు మోటారుకూ దూరంగా చేలో నిలబడి చూస్తే తెలంగాణలో దాదాపు 43 మైక్రోటెస్లాలు, అంటే 43,000 నానోటెస్లాలు, కనిపించాలి. ట్రాక్టరు పక్కకు వెళ్తే అంకె మారిపోతుంది. రెండుచోట్లా తెర మీద కనిపించేది బి యే, హెచ్ కాదు.